సాఫ్ట్‌పోర్న్ అడ్వెంచర్: అట్ట మీద ఉన్నంత ఆటలో ఉందా?

ప్రశ్న: 1981లో యాపిల్ టూ కంప్యూటర్ కోసం సాఫ్ట్‌పోర్న్ అడ్వెంచర్ అనే గేమ్ వచ్చిందట. అది నిజంగానే బూతు గేమా? దాని మీద అంత గొడవ ఎందుకైంది? అట్ట మీద ఫొటోలో ఉన్నది కింగ్స్ క్వెస్ట్ గేమ్ చేసిన రాబర్టా విలియమ్సేనా? లీజర్ సూట్ లారీ గేమ్‌ని దీన్నుంచే తీశారా? ఇప్పుడు ఆడటం కుదురుతుందా?

సమాధానం:

ఫొటోలో ఉన్నది రాబర్టానే. లారీ పుట్టింది కూడా ఇందులోంచే. ఈ రెండింటికీ పెద్ద వివరణ అక్కర్లేదు. బూతు సంగతే కాస్త కూర్చుని మాట్లాడుకోవాలి. ఈ గేమ్ గురించి వ్యాసాలు రాసేవాళ్ళలో, వీడియోలు చేసేవాళ్ళలో చాలామంది అట్ట చూసినవాళ్ళే తప్ప ఆట ఆడినవాళ్ళు కారు. పాత అడ్వెంచర్ గేములు వెతికి పట్టుకుని ఆడటం నాకెప్పటి నుంచో ఉన్న పిచ్చి. దీన్ని మొదలు నుంచి చివరిదాకా ఆడాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. బూతు కోసం వెళ్తే ఇది పేరు గొప్ప ఊరు దిబ్బ.

అసలు ఇందులో ఒక్క బొమ్మ కూడా లేదు. మొత్తం అక్షరాలే. టెక్స్ట్ అడ్వెంచర్ అంటారు కదా, ఆ రకం. యాపిల్ టూ తెర మీద వరసకి నలభై అక్షరాలు పట్టేవి, అవి కూడా అన్నీ క్యాపిటల్ లెటర్సే. తెర పై భాగంలో ఇప్పుడెక్కడున్నాం, ఎటు వెళ్ళొచ్చు, ఎదురుగా ఏమేం కనిపిస్తున్నాయి అని ఉంటుంది. కింది భాగంలో మీరు టైప్ చేస్తారు, అది జవాబిస్తుంది. ఒక క్రియ, ఒక వస్తువు, రెండే మాటలు. తలుపు తెరువు, విస్కీ కొను, గోడ చూడు, అంతే. ప్రోగ్రామ్ "నేను" అని మాట్లాడుతుంది. నేనిప్పుడొక నాసిరకం బార్లో ఉన్నాను, ఏం చెయ్యమంటావ్ అని మిమ్మల్ని అడుగుతుంది. ఈ పద్ధతి అప్పటికే స్కాట్ ఆడమ్స్ అనే ఆయన రాసిన టెక్స్ట్ గేముల్లో ఉంది, కొత్తేం కాదు. కానీ ఈ కథకి భలే అతికింది. తెలివితక్కువ సలహా ఇచ్చేది మనం, చెంపదెబ్బ తినేది అది.

రాసినాయన పేరు చక్ బెంటన్, మసాచుసెట్స్ మనిషి. యాపిల్‌సాఫ్ట్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి ఏదో ఒక ప్రోగ్రామ్ రాయాలి కదా అని ఈ గేమ్ మొదలుపెట్టాడు. అప్పట్లో అడ్వెంచర్ అంటే గుహలు, నిధులు, మాయలమరాఠీలు. ఈయనకి వాటి మీద మోజు లేదు. పెళ్ళికాని మగాడు ఊళ్ళో ఒక రాత్రి అమ్మాయి కోసం పడే తిప్పలు తెలుసు, అవే రాశాడు. బ్లూ స్కై సాఫ్ట్‌వేర్ అని సొంతంగా ఒక పేరు పెట్టుకుని బోస్టన్‌లో యాపిల్‌ఫెస్ట్ అనే కంప్యూటర్ల ప్రదర్శనలో అమ్ముతుంటే ఆన్‌లైన్ సిస్టమ్స్ యజమాని కెన్ విలియమ్స్ కంటపడింది. ఆ కంపెనీ కాలిఫోర్నియాలో యోసెమిటీ అడవుల దగ్గర, కోర్స్‌గోల్డ్, ఓక్‌హర్స్ట్ ప్రాంతంలో ఉండేది. మరుసటేడు సియెరా ఆన్‌లైన్‌గా పేరు మార్చుకుంది. కెన్ భార్య రాబర్టా 1980లో తయారుచేసిన మిస్టరీ హౌస్‌తోనే వాళ్ళ వ్యాపారం నిలబడింది. అడ్వెంచర్ గేముకి బొమ్మలు తగిలించిన మొదటి గేమ్ అదే. బొమ్మల గేములకి పేరుపడ్డ ఆ కంపెనీ, బొమ్మలే లేని ఈ గేమ్‌ని తీసుకుని 29.95 డాలర్లకి అమ్మకానికి పెట్టింది.

కథ చిన్నదే. ఒక బార్, ఒక క్యాసినో, ఒక డిస్కో, మధ్యలో తిరగడానికి ట్యాక్సీ. ముగ్గురు ఆడవాళ్ళని మెప్పించాలి. బార్ బాత్రూమ్ గోడ మీద గీతలు చదివితే పాస్‌వర్డ్ దొరుకుతుంది. వరండాలో పడున్న తాగుబోతుకి విస్కీ ఇస్తే టీవీ రిమోట్ ఇస్తాడు. వెనక గదిలో మెట్లకి అడ్డంగా కూర్చున్న దళారీ టీవీ చూస్తుంటాడు. రిమోట్‌తో చానళ్ళు మారుస్తూ వాడికి నచ్చిన కార్యక్రమం వచ్చేదాకా తిప్పితే, వాడు అందులో మునిగిపోయినప్పుడు పైకి జారుకోవచ్చు. వైన్ సీసా పట్టుకుని ట్యాక్సీ ఎక్కితే డ్రైవర్ దాన్ని లాక్కుని తాగి మీ మీదికే బండి ఎక్కిస్తాడు. చచ్చిపోతే ఆట నేరుగా అయిపోదు. స్వర్గనరకాల మధ్య ఒక చౌరస్తాలో మూడు తలుపుల ముందు నిలబెడుతుంది. ఒకటి నరకానికి, ఒకటి ఆట మొదటికి, ఇంకోటి ఆగిన చోటికి. ఏది ఎటో తెలీదు.

మందుల షాపు ఘట్టం ఒక్కటి వివరంగా చెప్తాను. ఈ గేమ్ తత్వమంతా అందులోనే ఉంది. బార్ పైగదిలోని వేశ్య దగ్గరికి కండోమ్ లేకుండా వెళ్తే చావు ఖాయం. కాబట్టి షాపుకెళ్ళాలి. అక్కడ గుమాస్తా ఊరికే ఇవ్వడు. ఏ రంగు కావాలంటాడు. మీరు టైప్ చెయ్యాలి. ఏ రుచి అంటాడు. మళ్ళీ టైప్ చెయ్యాలి. నున్నగా ఉండేదా, గీతలున్నదా? ఇలా ఒక్కొక్కటీ మీ చేత్తోనే టైప్ చేయించుకుని, అంతా అయ్యాక మీరు చెప్పిన ఆ వివరాలన్నీ కలిపి, ఇదిగో ఈ వెధవ ఫలానా రంగు, ఫలానా రుచిది కొన్నాడు చూడండహో అని షాపంతా వినపడేలా అరుస్తాడు. ప్రోగ్రామింగ్ పరంగా ఇందులో ఏమీ లేదు. మీరిచ్చిన మాటల్ని దాచుకుని ఒక వాక్యంలో అతికించడమే, బేసిక్ నేర్చుకునేవాళ్ళు మొదటి వారంలో చేసే పని. కానీ దాన్ని ఎక్కడ వాడాలో బెంటన్‌కి తెలిసింది. మీ మాటలతోనే మీ పరువు తీయడం అన్నమాట. ఇప్పటికీ నవ్వొస్తుంది. గేమ్ మొత్తంలో నిజమైన హాస్యం పండింది నా లెక్కన ఇక్కడే.

మిగతాదంతా కూడా ఇదే బాణీ. డిస్కోలో కలిసిన అమ్మాయికి మిఠాయి, పువ్వులు, ఉంగరం ఇచ్చి పెళ్ళికి ఒప్పిస్తే, హనీమూన్ గదిలో ఆమె మీ కథానాయకుణ్ణి మంచానికి కట్టేసి డబ్బు పట్టుకుని పోతుంది. జేబులో కత్తి ఉంటే తాడు కోసుకుని బయటపడొచ్చు, లేకపోతే అంతే సంగతులు. ఏదైనా కోరిక తీరబోతోంది అనుకున్న ప్రతిచోటా తన్నులో, మోసమో, అవమానమో. అసలు శృంగారం అనదగ్గ చోట్ల రెండు మూడు లైన్లు ఉంటాయి, అవి కూడా వెకిలి జోకులు. మన వారపత్రికల్లో అప్పట్లో వచ్చిన సరసమైన సీరియళ్ళలో ఇంతకంటే ఎక్కువ వర్ణన ఉండేది.

మరి గొడవ దేనికి? మొదటిది పేరు. రెండోది అట్ట.

ఆ ఫొటో కెన్, రాబర్టాల ఇంటి హాట్ టబ్‌లో, అంటే వేడినీళ్ళ తొట్టిలో తీసింది. ముగ్గురు ఆడవాళ్ళు ఒంటి మీద బట్టల్లేకుండా నీళ్ళలో కూర్చుని ఉంటారు. నురుగు, ఆవిరి కప్పాల్సినవి కప్పేస్తాయి. పక్కన ఒక వెయిటర్ ట్రేతో నిలబడి ఉంటాడు. వాళ్ళెవరూ మోడళ్ళు కారు. ఒకావిడ కంపెనీలో ప్రొడక్షన్ చూసేవారు, ఇంకొకావిడ జమాఖర్చులు చూసేవారు, కుడి చివర ఉన్నది రాబర్టా. వెయిటర్ కూడా నిజంగా వెయిటరే, ఆ ఊళ్ళోని ఒక రెస్టారెంటులో పనిచేసేవాడు. మూడేళ్ళ తర్వాత 1984లో పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ ఆడిన కింగ్స్ క్వెస్ట్‌తో పేరు తెచ్చుకున్న ఆవిడే ఈ అట్ట మీద ఉండటం మీలాగే చాలామందికి నమ్మబుద్ధి కాదు. కొందరు దీన్ని రాబర్టా పరువుకి మచ్చలా రాస్తారు. నాకైతే అందులో దాచుకోవాల్సిందేమీ కనపడదు. డబ్బు పెట్టి మోడళ్ళని పిలిచే స్తోమత, ఓపిక లేని చిన్న కంపెనీ, అందరూ కుర్రవాళ్ళు, 1981 నాటి కాలిఫోర్నియా. సరదాకి దిగారు, అది చరిత్రలో మిగిలిపోయింది. ఇంకో తమాషా కూడా ఉంది. అట్ట మీద ఉన్నంత ఆడవాళ్ళ ఆనందం ఆట లోపల ఎక్కడా లేదు. లోపలున్నదంతా ఒక మగాడి తిప్పలే.

ఆ ఫొటో పత్రికల్లో ప్రకటనగా వచ్చింది. తిడుతూ ఉత్తరాలు వచ్చాయి. 1981 అక్టోబరులో టైమ్ పత్రిక ఇళ్ళలోకొస్తున్న సాఫ్ట్‌వేర్ గురించి రాస్తూ ఈ గేమ్ గురించి చెప్పింది, ఫొటో కూడా వేసింది. అప్పటికి 4,000 కాపీలు అమ్ముడుపోయాయని అందులో రాశారు. ఇప్పటి అంకెలతో చూస్తే ఇదేం లెక్క అనిపిస్తుంది. ఒక్కో కంప్యూటర్ వెయ్యి డాలర్లకి పైనే ఉన్న రోజుల్లో, దుకాణాల్లో ఫ్లాపీల్ని జిప్‌లాక్ కవర్లో పెట్టి అమ్మే కాలంలో, నాలుగు వేలు తక్కువేం కాదు. అప్పట్లో గేములకి వయసు రేటింగులు లేవు. అమెరికాలో ఇప్పుడు రేటింగులిచ్చే ఈఎస్ఆర్‌బీ అనే సంస్థ 1994లో వచ్చింది. అంచేత ఏది అరలో పెట్టాలో, ఏది కౌంటర్ కింద దాచాలో కంప్యూటర్ షాపువాడి ఇష్టం. ఇంటికి పనికొచ్చే యంత్రం, పిల్లల చదువుకి, వంటల జాబితాకి అని చెప్పి అమ్ముతున్న వస్తువు పక్కన ఈ అట్ట ఉంటే ఆ షాపువాడి ఇబ్బంది ఊహించుకోండి.

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. జర్నలిస్టు స్టీవెన్ లెవీ 1984లో అచ్చయిన తన 'హ్యాకర్స్' పుస్తకంలో దీన్ని రాశారు. షాపులవాళ్ళకి ఈ గేమ్ కావాలి, కానీ ఫోన్ చేసి ఇదొక్కటే పంపండి అనడానికి మొహమాటం. తేలు కుట్టిన దొంగలా కంపెనీ దగ్గరున్న మిగతా గేములన్నీ తలా కొన్ని ఆర్డరిచ్చి, పనిలో పనిగా ఇది కూడా వెయ్యండి అనేవాళ్ళట. దాంతో మిగతా గేముల అమ్మకాలు కూడా పెరిగాయి. ఇదీ, దీని వెనకాల వచ్చిన ఆర్డర్లూ కలిసి తమ ఆదాయాన్ని దాదాపు రెట్టింపు చేసి ఉంటాయని కెన్ అంచనా. గేములో మందుల షాపు గుమాస్తా ముందు నీళ్ళు నమిలే మగాడు, బయట ఫోన్లో నీళ్ళు నమిలే షాపు యజమాని ఒకే బాపతు. బెంటన్ రాసింది నిజమేనని అమ్మకాల చిట్టాయే సాక్ష్యం చెప్పింది.

ఒక పొరపాటు చాలాచోట్ల కనిపిస్తుంది, మీకు కూడా ఎదురవ్వొచ్చు. 1982లో అటారీ 2600 అనే గేమ్ మెషిన్‌కి వచ్చిన కస్టర్స్ రివెంజ్‌ని, దీన్ని ఒకే గాటన కట్టేస్తుంటారు. ఆ గేమ్ మిస్టిక్ అనే కంపెనీ పేరుతో వచ్చింది. అది అడ్వెంచర్ కాదు, తెర మీద బొమ్మలు కదిలే గేమ్. కట్టేసి ఉన్న అమెరికన్ ఆదివాసీ స్త్రీ మీద సైనికుడి అత్యాచారమే అందులో ఆట. ఆదివాసీ సంఘాలు, మహిళా సంఘాలు రోడ్డెక్కాయి, అటారీ కూడా ఆ గేమ్‌ని వ్యతిరేకించింది. వాళ్ళ కోపం న్యాయమైంది. అది క్రూరమైన సరుకు. సాఫ్ట్‌పోర్న్ వెకిలి సరుకు. రెండింటికీ చాలా తేడా ఉంది, ఒకదాని పాపం ఇంకోదానికి అంటగట్టకండి.

అలాగని ఇందులో తప్పు లేదనడం లేదు. అప్పటివాళ్ళకి తప్పనిపించింది వేరు, ఇప్పుడు ఆడితే మనకి ఇబ్బందిగా ఉండేది వేరు. అప్పుడు కంప్యూటర్లో అసలు ఆ మాటెత్తడమే తప్పు. ఇప్పుడు ఆ మాటెత్తితే ఎవరూ పట్టించుకోరు. కానీ గేములో ఒక చోట మాత్రల సీసా దొరుకుతుంది, కామోద్రేకం కలిగిస్తాయని చెప్పుకునే రకం. లిఫ్టు దగ్గర డెస్కులో కూర్చున్న అమ్మాయికి అవి ఇవ్వాలి. ఆమె వేసుకుని తన ప్రియుడి కోసం పరుగెత్తిపోతుంది, మీకు దారి దొరుకుతుంది. 1981లో ఇదొక జోకు, ఒక చిక్కుముడి, దాని విడుపు. ఇవాళ ఒక అమ్మాయి చేత మత్తు మాత్ర తినిపించి పని జరుపుకోవడాన్ని పజిల్ అని ఏ రచయితా పెట్టడు, పెట్టకూడదు కూడా. నేను ఆడినప్పుడు నాకు ముల్లులా తగిలిన చోటు అదే.

దీని మూలం బెంటన్ బుద్ధిలో కంటే ఆనాటి ప్రోగ్రాముల నిర్మాణంలోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. బేసిక్‌లో రాసిన ఆ కాలపు అడ్వెంచర్లన్నీ ఇంచుమించు ఒకే పద్ధతి. గదులకి నెంబర్లు. వస్తువులకి ఒక పట్టిక. ఫలానా వస్తువు ఫలానా గదిలో ఉందా, మీ చేతిలో ఉందా అనేది పట్టికలో ఒక అంకె. కత్తీ, తాడూ, సీసా లాగే మనుషులు కూడా ఆ పట్టికలోనే ఉంటారు. తెర మీద "కనిపిస్తున్న వస్తువులు" అన్న వరసలో ఒక వార్తాపత్రిక, ఒక వేశ్య అని పక్కపక్కనే చూపిస్తుంది. గుహలో దయ్యానికి ఏదో ఇస్తే అది దారి వదులుతుంది. ఇక్కడ దయ్యం బదులు అమ్మాయి, అంతే తేడా. ఆఖర్లో జకూజీ అనే వేడినీళ్ళ తొట్టిలో కూర్చున్నావిడకి యాపిల్ పండు ఇస్తే ఆట గెలిచినట్టు. ఆదాము హవ్వల కథని తిరగేశాడు, తెలివైన జోకే. కానీ ఆవిడ ఒక తాళం, పండు తాళంచెవి. మొత్తం స్కోరు ఎంతో తెలుసా? మూడు. మీ స్కోరు మూడింటికి ఒకటి, మూడింటికి రెండు అని చూపిస్తుంది. ఒక్కో ఆడమనిషి ఒక్కో పాయింటు. బూతు మాటలకంటే ఆ స్కోరు లైనే ఇవాళ ఎక్కువ ఇబ్బందిగా ఉంటుంది.

ఇదే తీగ మీద ఇంకొకరు ఇంకోలా వాయించొచ్చని 1986లో ఇన్ఫోకామ్ అనే టెక్స్ట్ గేముల కంపెనీ చూపించింది. స్టీవ్ మెరెట్‌స్కీ రాసిన లెదర్ గాడెసెస్ ఆఫ్ ఫోబోస్ అనే టెక్స్ట్ గేములో ఘాటు ఎంత ఉండాలో మీరే ఎంచుకోవచ్చు, మూడు స్థాయులుంటాయి. మొదట్లోనే బార్లో మీరు మగవాళ్ళ బాత్రూమ్‌కి వెళ్తే మగ పాత్ర, ఆడవాళ్ళదానికి వెళ్తే ఆడ పాత్ర. ఎవరు ఆడతారో అన్న ఆలోచన రచయితకి ఉందన్నమాట. పెట్టెలో గోకి వాసన చూసే కార్డు కూడా ఇచ్చారు. రచనగా అది సాఫ్ట్‌పోర్న్ కంటే ఎన్నో మెట్లు పైన. కావాలంటే దాని గురించి వేరే అడగండి, చెప్పడానికి చాలా ఉంది.

ఇక లారీ. దీన్నుంచే తీశారా అన్నారు. తీశారు, కానీ కొట్టేయలేదు, హక్కులు కంపెనీ దగ్గరే ఉన్నాయి, కెన్ విలియమ్స్ చెప్పే చేయించాడు. చేసింది ఆల్ లో అనే ఆయన. బళ్ళో సంగీతం చెప్పిన మాస్టారు, సియెరాలో డిస్నీ వాళ్ళ పిల్లల గేములు చేసినాయన. పాత గేమ్ ఆడి చూసి, ఇది ఎంత పాతబడిందంటే దీనికి లీజర్ సూట్ తొడగాలి అన్నాడట. అంటే 70లలో అమెరికాలో తెగ తిరిగిన పాలియెస్టర్ సూటు, మన బెల్ బాటమ్ ప్యాంటు లాగా ఆ తర్వాత అందరూ నవ్వుకున్న ఫ్యాషన్. అదే పేరైపోయింది. 1987లో లీజర్ సూట్ లారీ ఇన్ ద ల్యాండ్ ఆఫ్ ద లౌంజ్ లిజార్డ్స్ వచ్చింది.

రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆడితే తెలుస్తుంది, చిక్కుముళ్ళు దాదాపు యథాతథం. తాగుబోతు, రిమోట్, దళారీ, షాపులో అరుపు, పెళ్ళి, తాడు, కత్తి, మాత్రలు, పండు అన్నీ ఉన్నాయి. రాత మాత్రం దాదాపు అంతా కొత్తది. ఆల్ లో చేసిన అసలైన మార్పు ఒకటే. పాత గేములో "నేను" అనే గొంతుకి మొహం లేదు. ఇక్కడ ఆ మనిషికి ఒక పేరిచ్చాడు, బట్టతల ఇచ్చాడు, తెల్ల సూటు తొడిగాడు, వాణ్ణి చూసి నవ్వడానికి పక్కన ఒక వ్యాఖ్యాతని పెట్టాడు. దాంతో నవ్వు అమ్మాయిల మీద నుంచి లారీ మీదికి మళ్ళింది. పూర్తిగా మళ్ళింది అనను, ఆ మాత్రల ఘట్టం అక్కడా ఉంది. కానీ ఆరేళ్ళలో అదే అస్థిపంజరం మీద ఇంత తేడా తేవడం గొప్ప పనే. మొదట్లో షాపులవాళ్ళు భయపడి ప్రచారం లేకపోవడంతో చప్పగా మొదలైంది. ఆ నోటా ఈ నోటా పాకి రెండున్నర లక్షల కాపీలు దాటింది. అమెరికా సాఫ్ట్‌వేర్ పబ్లిషర్ల సంఘం 1987కి ఉత్తమ అడ్వెంచర్ అవార్డు కూడా ఇచ్చింది.

తెలుగునాట ఈ వంశంలో మనకి తెలిసింది లారీ ఒక్కడే. యాపిల్ టూ మనవైపు కనపడ్డ పాపాన పోలేదు. 90ల మొదట్లో నేను విజయవాడలో డిప్లొమా చదివే రోజుల్లో లారీ గేమ్ ఫ్లాపీల మీద చేతులు మారుతూ వచ్చింది, డబ్బు పెట్టి కొన్నవాణ్ణి నేను చూడలేదు. దాన్ని తెరవగానే వయసు అడుగుతుంది. అబద్ధం చెప్తామని తెలుసు కాబట్టి ఆపైన ప్రశ్నలు వేస్తుంది, పెద్దవాళ్ళకే తెలిసే విషయాలన్న లెక్కతో. అవేమో అమెరికా పాత టీవీ కార్యక్రమాలు, వాళ్ళ రాజకీయ నాయకులు, వాళ్ళ పాటగాళ్ళు. పిల్లల్ని ఆపడానికి పెట్టిన గేటు మా దగ్గర లెక్చరర్లని కూడా ఆపేసేది. ల్యాబ్‌లో ఒకడు ఏ ప్రశ్నకి ఏ అక్షరం నొక్కాలో నోట్‌బుక్ చివరి పేజీలో రాసి పెట్టుకున్నాడు, వాడికున్న గిరాకీ ప్రిన్సిపాల్‌కి కూడా ఉండేది కాదు. ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ప్రశ్నలన్నీ దాటిపోవచ్చని తెలిసిన రోజున వాడి దర్జా పోయింది. కంట్రోల్, బి నొక్కితే ఆఫీసు పనిలా కనపడే గ్రాఫ్ తెర మీదికొస్తుంది, ఎవరైనా గదిలోకొస్తే పనికొచ్చేది.

ఆడటం గురించి. సాఫ్ట్‌పోర్న్ యాపిల్ టూ డిస్క్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది, ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. సొంత విండోస్ కంప్యూటర్లో కావాలంటే యాపిల్‌విన్ అనే ఎమ్యులేటర్, అంటే పాత యాపిల్ టూలా నటించే ప్రోగ్రామ్, చాలు. పాత పీసీల్లో నడిచిన డాస్‌కి 1991లో ఒకాయన తిరగరాసిన రూపం కూడా ఉంది, తర్వాత దాన్నే సియెరా తన లారీ సంకలనంలో చేర్చింది. నేనైతే యాపిల్ రూపమే ఆడమంటాను. డిస్క్ తిరిగేదాకా ఆగడం, ఆకుపచ్చ తెర, ఇవన్నీ ఉంటేనే ఆ జోకులకి వాటి వయసు కనపడుతుంది.

క్యాప్స్ లాక్ వేసుకోండి. రెండు మాటలకి మించి టైప్ చెయ్యకండి. కొత్త గదిలోకి వెళ్ళగానే కనపడ్డ ప్రతి వస్తువునీ చూడు అనే ఆజ్ఞతో ఒకసారి చూడండి, సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. చేతిలో డబ్బు తొందరగా అయిపోతుంది, క్యాసినోలో బ్లాక్‌జాక్, స్లాట్ మెషిన్ ఆడి సంపాదించక తప్పదు, కాబట్టి అక్కడికి వెళ్ళేముందు గేమ్ సేవ్ చేసుకోండి. హనీమూన్ గదిలోకి కత్తి లేకుండా అడుగుపెట్టకండి. అంతా తెలిసినవాళ్ళకి ఒక సాయంత్రం పట్టే ఆట, కొత్తవాళ్ళకి వారాంతం చాలు.

మీరు ఇంతకుముందు టెక్స్ట్ గేములు ఆడి ఉండకపోతే ముందు లారీ ఆడి, తర్వాత దీనికి రండి. చిక్కుముళ్ళు తెలిసిపోతాయి, ఆట పాడవుతుంది కదా అనుకోవచ్చు. పాడయ్యేంత రహస్యం ఇందులో లేదు. ఏది బెంటన్‌ది, ఏది ఆల్ లో చేర్చింది అని పోల్చుకుంటూ ఆడటంలోనే మజా ఉంది. మందుల షాపులో మాత్రం రెండింటిలోనూ వేర్వేరు రంగులు చెప్పి చూడండి.